కాళ్ల తిమ్మిర్లన్నీ ‘నరాల బలహీనత’ కాదు: న్యూరోపతీ ఏది, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఏది?

(డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, ఎన్టీఆర్ భరోసా పింఛను లబ్ధిదారుల అవగాహన కోసం)

పాదాల్లో సూదులు గుచ్చినట్టు ఉంటోంది. చీమలు పాకినట్టు ఉంటోంది. దూది మీద నడుస్తున్నట్టు ఉంది. కాలు తూలుతోంది. ఇలాంటి బాధ ఏదైనా సరే, మన ఊళ్లలో దానికి పెట్టే పేరు ఒక్కటే: నరాల బలహీనత. వైద్యమూ ఒక్కటే: ఎర్ర రంగు సూది, ఐదు రోజులు. తగ్గితే మంచిదే. తగ్గకపోతే మరో ఐదు.

‘నరాల బలహీనత’ అనేది జబ్బు పేరు కాదు. జ్వరం అన్నట్టే అదొక లక్షణం. జ్వరం మలేరియా వల్ల రావచ్చు, టైఫాయిడ్ వల్ల రావచ్చు. తిమ్మిరి కూడా అంతే. దాని వెనక షుగరు ఉండవచ్చు, బి12 లోపం ఉండవచ్చు, కుష్టు ఉండవచ్చు. అరుదుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా ఉండవచ్చు. డాక్టర్లు దీన్ని పొట్టిగా ఎంఎస్ అంటారు. ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాదు. కొన్నిసార్లు చేటు కూడా చేస్తుంది. అందుకే ఈ పాఠం కాస్త ఓపిగ్గా చదవండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే చదివి వినిపించండి.

కరెంటు ఎక్కడ పోయింది?

ఇంట్లో బల్బు వెలగలేదనుకోండి. తప్పు ఇంటి వైరులో ఉండవచ్చు, సబ్‌స్టేషన్‌లో ఉండవచ్చు. చీకటి మాత్రం రెండుసార్లూ ఒకేలా ఉంటుంది. మన ఒంట్లో మెదడు, వెన్నుపాము సబ్‌స్టేషన్ లాంటివి. అక్కడి నుంచి చేతులకు, కాళ్లకు, వేళ్ల చివరల దాకా వెళ్లే నరాలు ఇంటికొచ్చే వైర్లు. ఈ వైర్లు దెబ్బతింటే పెరిఫెరల్ న్యూరోపతీ అంటారు. పెరిఫెరల్ అంటే అంచున ఉన్నది అని అర్థం.

ఎంఎస్ అలా కాదు. అది సబ్‌స్టేషన్ జబ్బు. మన ఒంట్లో క్రిములతో పోరాడే రక్షణ వ్యవస్థ ఒకటుంది. అదే దారి తప్పి మెదడు, వెన్నుపాము, కంటి నరం మీద పడుతుంది. అక్కడి నరాల పైన ఉండే మైలిన్ అనే తొడుగును కొరికేస్తుంది. వైరు మీది ప్లాస్టిక్ ఊడిపోతే కరెంటు సరిగా పారనట్టే, కబురు సగంలో ఆగిపోతుంది. దెబ్బతిన్న చోట గట్టిపడిన మచ్చలు మిగులుతాయి. ‘మల్టిపుల్’ అంటే అనేకం, ‘స్క్లెరోసిస్’ అంటే గట్టిపడటం. పేరు అలా వచ్చింది. చేతులు, కాళ్లలోని నరాలకూ మైలిన్ తొడుగు ఉంటుంది కానీ, ఎంఎస్ దాని జోలికి వెళ్లదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా తేడాలన్నీ దాన్నుంచే అర్థమవుతాయి.

ఇద్దరిని ఊహించుకుందాం

ఒకాయనకు 52 ఏళ్లు, కూరగాయల వ్యాపారం. పదేళ్లుగా షుగరు ఉంది. మాత్రలు ఉన్నప్పుడు వేసుకుంటాడు, లేనప్పుడు మానేస్తాడు. రెండేళ్ల కిందట కాలివేళ్లలో తిమ్మిరి మొదలైంది, రెండు కాళ్లకూ. తరవాత పాదం, చీలమండ, పిక్క. మేజోడు వేసుకున్నంత మేర మొద్దుబారింది. రాత్రి పడుకుంటే మంటలు. దుప్పటి తగిలినా భరించలేడు. చెప్పు జారిపోయినా తెలియదు, పది అడుగులు వేశాక చూసుకుంటాడు. ఇప్పుడు చేతివేళ్లలో కూడా మొదలైంది.

ఇది న్యూరోపతీ నడిచే తీరు. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన వైరు కాలివేలి దాకా వెళ్లేదే. దెబ్బ ముందు దానికే తగులుతుంది. అందుకే పాదాల్లో మొదలవుతుంది, రెండువైపులా సమానంగా ఉంటుంది, నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా పైకి పాకుతుంది. వచ్చి పోయే స్వభావం దీనికి సాధారణంగా ఉండదు.

ఇక ఒకమ్మాయికి 27 ఏళ్లు. షుగరు లేదు, బీపీ లేదు. ఏడాది కిందట ఒక కన్ను మూడు నాలుగు రోజుల్లో మసకబారింది. కన్ను అటూ ఇటూ తిప్పితే నొప్పి. ఎర్ర చీర వెలిసిపోయినట్టు కనపడింది. చుక్కల మందు వేశారు, నెలలో చూపు చాలావరకు వచ్చేసింది. అందరూ మరిచిపోయారు. ఇప్పుడు నడుము కింద నుంచి ఒక కాలు మొద్దుబారింది, ఆ కాలే బిగుసుకుపోతోంది. మూత్రం వస్తే ఆపుకోలేకపోతోంది. తల ముందుకు వంచితే మెడ నుంచి వెన్ను వెంట కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమంటోంది.

కంటికీ కాలికీ ఏమిటి సంబంధం అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. కన్నూ కాలూ రెండూ దెబ్బతినాలంటే తప్పు కాలి వైరులో ఉండదు కదా. ఎంఎస్ ఇలాగే ఉంటుంది. ఒక చోట ఒకసారి, ఇంకో చోట ఇంకోసారి. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒక్కో దాడి కొన్ని రోజుల్లో ముదురుతుంది, కనీసం 24 గంటలు దాటి ఉంటుంది, వారాల మీద తగ్గుతుంది. ఈ దాడిని రిలాప్స్ అంటారు. వస్తువు రెండుగా కనపడటం, ముఖంలో ఒకపక్క తిమ్మిరి, మాట తడబడటం, పని చేయకుండానే విపరీతమైన అలసట కూడా ఉండవచ్చు.

తనంతట తానే తగ్గడంలోనే ఉంది తంటా

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యం అని నేను అనుకునేది ఇదే. ఎంఎస్ దాడి మొదటి రోజుల్లో చాలామందిలో మందు లేకపోయినా కొన్ని వారాలకు తగ్గుముఖం పడుతుంది. ఈలోగా మనం ఏదో ఒకటి చేస్తాం. ఎర్ర సూది వేయించుకుంటాం, పసరు తాగుతాం, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తాం. సరిగ్గా అప్పుడే జబ్బు తగ్గుతుంది. క్రెడిట్ సూదికో తాయెత్తుకో పోతుంది. మళ్లీ ఏడాదికో రెండేళ్లకో దాడి వస్తే మళ్లీ అక్కడికే పరిగెడతాం. ప్రతి దాడీ కొంచెం మచ్చ మిగిల్చి పోతుంది. దాడులు పెరిగేకొద్దీ కాలు ఇక పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. దాడుల్ని తగ్గించే మందులు ఇప్పుడున్నాయి. వాటి ఫలితం తొలి ఏళ్లలో మొదలుపెట్టినవారికే ఎక్కువ. అంటే మనం పోగొట్టుకునేది సూది డబ్బులు కాదు, ఆ ఏళ్లు.

ఇంట్లో కోడలికో కూతురికో ఇలాంటి బాధ వస్తే ‘పని తప్పించుకోవడానికి’ అనో ‘టెన్షన్’ అనో అనేవాళ్లూ ఉన్నారు. ఉదయం బాగుండి, ఎండలో పొలానికి వెళ్లొచ్చాక కాలు ఈడ్చుకు నడిస్తే నటన అనిపిస్తుంది. నిజానికి ఎంఎస్‌లో ఒంటి వేడి పెరిగితే పాత లక్షణాలు మళ్లీ తలెత్తుతాయి. జ్వరం, వేడినీళ్ల స్నానం, మే నెల ఎండ, ఏదైనా చాలు. చల్లబడగానే తగ్గుతాయి. ఇది కొత్త దాడి కాదు, నటన అంతకన్నా కాదు. తొడుగు ఊడిన వైరు వేడికి ఇంకాస్త మొరాయిస్తుందంతే.

డాక్టరు సుత్తితో ఎందుకు కొడతారు?

ఆసుపత్రిలో మోకాలి కింద, చీలమండ వెనక చిన్న రబ్బరు సుత్తితో తడతారు. చాలామంది దాన్ని పట్టించుకోరు గానీ, సబ్‌స్టేషనా వైరా అని తేల్చే మొదటి పరీక్ష అదే. న్యూరోపతీలో కాలు కదలదు, లేదా కదిలీ కదలనట్టు ఉంటుంది. ఎంఎస్‌లో మామూలుకన్నా ఎక్కువగా ఎగురుతుంది. అరికాలి మీద మొనతో గీస్తే మామూలుగా బొటనవేలు కిందికి ముడుచుకోవాలి. మెదడు, వెన్నుపాము దారి దెబ్బతింటే పైకి లేస్తుంది. న్యూరోపతీలో కండరం సన్నబడి వదులవుతుంది, ఎంఎస్‌లో కాలు కర్రలా బిగుస్తుంది.

తరవాత పరీక్షలు. న్యూరోపతీ అనుమానం ఉంటే రక్తంలో షుగరు, హెచ్‌బీఏ1సీ, బి12, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేస్తారు. పరగడుపు షుగరు 126, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 దాటితే షుగరు జబ్బు అనే లెక్క. కాలికీ చేతికీ చిన్న చిన్న షాకులిచ్చి కరెంటు ఎంత వేగంగా పారుతోందో చూసేది నర్వ్ కండక్షన్ పరీక్ష. ఇది న్యూరోపతీని పట్టిస్తుంది. ఎంఎస్‌లో మామూలుగానే వస్తుంది, ఎందుకంటే వైరు బాగుంది కదా. అయితే ఒక మినహాయింపు: సన్న నరాలు మాత్రమే దెబ్బతిన్న తొలిదశలో పాదాల మంటలు ఉన్నా ఈ పరీక్ష నార్మల్ రావచ్చు.

ఎంఎస్‌కు ఎంఆర్ఐ కావాలి. మెదడు, వెన్నుపాము రెండింటికీ. నడుముకి మాత్రం ఎంఆర్ఐ తీయించుకుని ‘ఏమీ లేదన్నారు’ అనుకుంటే లాభం లేదు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. మచ్చలు మెడ దగ్గరో మెదడులోనో ఉంటే అందులో కనపడవు. అవసరమైతే వెన్ను నుంచి నీరు తీసి ఆలిగోక్లోనల్ బ్యాండ్స్ ఉన్నాయేమో చూస్తారు. వెన్ను నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయం వద్దు. సూది పెట్టేది వెన్నుపాము ముగిసిన చోటు కింద. కొందరికి ఒకటి రెండు రోజులు తలనొప్పి వస్తుంది.

తేడా అంత తేలికా అంటే, కాదు

కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలడం రెండు జబ్బుల్లోనూ ఉంటుంది. షుగరు ఉన్న మనిషికి ఎంఎస్ రాకూడదని లేదు. మెడ డిస్కు వెన్నుపామును నొక్కినా కాళ్లు బిగుసుకుంటాయి. ఎన్‌ఎంఓ అనే మరో జబ్బు అచ్చం ఎంఎస్‌లాగే కంటినీ వెన్నుపామునూ పట్టుకుంటుంది. దాన్ని ఆక్వాపోరిన్ 4 అనే రక్తపరీక్షతో గుర్తిస్తారు. ఎంఎస్‌కు వాడే కొన్ని మందులు ఎన్‌ఎంఓ ఉన్నవారికి జబ్బును పెంచుతాయి. కాబట్టి ఫోన్లో చదివిన దాన్ని పట్టుకుని, నా మాటతో సహా, మీరే జబ్బు పేరు ఖాయం చేసుకోకండి. మీరు చేయగలిగింది లక్షణాలు వరసగా చెప్పడం. తేల్చాల్సింది న్యూరాలజిస్టు.

బి12 సంగతి వేరే చెప్పాలి. ఈ లోపం వైరునూ సబ్‌స్టేషన్‌నూ రెండింటినీ దెబ్బతీయగలదు. మాంసం, గుడ్లు, పాలు తీసుకోనివారికి, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికి ఈ లోపం రావచ్చు. దీనికి ఎర్ర సూది సరైన మందే. కానీ సూది వేయించుకోక ముందే పరీక్షకు రక్తం ఇవ్వండి. వేయించుకున్నాక ఇస్తే రిపోర్టులో బి12 ఎక్కువగా కనపడి అసలు లోపం దాగిపోతుంది. ఇంకో మాట. నరాల మాత్రల్లో ఉండే బి6 అతిగా, చాలాకాలం వాడితే అదే న్యూరోపతీని తెస్తుంది. ‘విటమినే కదా’ అని డాక్టరు చెప్పకుండా నెలల తరబడి మింగకండి.

టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ కూడా తిమ్మిర్లు తెస్తుంది. దాన్ని ఆపడానికే బి6 మాత్ర కలిపి ఇస్తారు. తిమ్మిరి వచ్చిందని టీబీ మందులు మానొద్దు, చెప్పండి చాలు. మద్యం, క్యాన్సర్ కీమో, దీర్ఘకాల కిడ్నీ జబ్బు కూడా కారణాలే. శ్రీకాకుళం ఉద్దానం వైపు కిడ్నీ రోగులు కాళ్ల మంటల గురించి డయాలిసిస్ డాక్టరుకు తప్పక చెప్పాలి.

కుష్టును మరిచిపోయాం అనుకుంటున్నాం గానీ అది ఇంకా ఉంది. స్పర్శ లేని మచ్చ, మోచేతి దగ్గర లావైన నరం, చిటికెన వేలు వంకరపోవడం, పాదం పైకి లేవకపోవడం ఉంటే వెంటనే పీహెచ్‌సీకి వెళ్లండి. మందులు ఉచితం. నరం దెబ్బతిన్న ఆరు నెలల్లోపు స్టెరాయిడ్ మొదలుపెడితే స్పర్శ, బలం తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంటుంది. దాచుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

ఇక ఆలస్యం పనికిరానిది జీబీఎస్. విరేచనాలో జలుబో తగ్గిన వారం పది రోజులకు రెండు కాళ్లూ బలం కోల్పోతాయి. గంటలు, రోజుల్లో చేతులకు, ఛాతీకి పాకుతుంది. 2025 జనవరిలో పుణేలో ఈ కేసులు ఎక్కువగా వచ్చినప్పుడు మీరు వార్తల్లో వినే ఉంటారు. ఇదీ వైరు జబ్బే, కానీ ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. నిన్న నడిచిన మనిషి ఇవాళ లేవలేకపోతే 108కు ఫోన్ చేయండి. మర్నాటిదాకా ఆగొద్దు.

మందుల మాట

షుగరు న్యూరోపతీలో మొదటి మందు షుగరు అదుపే. మంటలకు వేరే మాత్రలున్నాయి. కానీ స్పర్శ లేని పాదాన్ని కాపాడుకోవడం మీ చేతిలో పని. రోజూ రాత్రి పాదాలు చూసుకోండి, అరికాలు కనపడకపోతే అద్దం పెట్టుకోండి. వేడి ఇసుక కాపడం, వేడినీళ్లలో కాళ్లు పెట్టడం వద్దు. కాలినా తెలియదు. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోకండి. గుడికి వెళ్లినా ఎండవేళ వట్టికాళ్లతో ప్రదక్షిణ మానుకోండి, దేవుడు అర్థం చేసుకుంటాడు.

ఎంఎస్ దాడికి ఆసుపత్రిలో మూడు నుంచి ఐదు రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కిస్తారు. దాడి త్వరగా తగ్గుతుంది. ఇదే స్టెరాయిడ్ షుగరు తిమ్మిర్లున్న మనిషికి ఊళ్లో ఎవరో ఇచ్చేస్తే షుగరు ఆకాశానికి ఎక్కుతుంది. పేరు తెలియని సూది వేయించుకోవద్దని చెప్పేది అందుకే. దాడులు మళ్లీ రాకుండా వాడే మందులు వేరు: ఇంటర్‌ఫెరాన్, డైమిథైల్ ఫ్యూమరేట్ లాంటివి. ఖర్చు చూసుకుని మన దేశంలో చాలామంది డాక్టర్లు రిటుక్సిమాబ్ వాడుతున్నారు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఆ సంగతి మందు మొదలుపెట్టక ముందే చెప్పాలి, కొన్ని మందులు గర్భానికి పనికిరావు.

పథకంలో మీకు ఏం వర్తిస్తుంది?

ఎంఎస్ రిలాప్స్‌కు, జీబీఎస్‌కు ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స వైద్య సేవ జాబితాలో ఉంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ముందు ఆరోగ్యమిత్రను కలవండి. ఆ ఆసుపత్రికి ఆ విభాగం అనుమతి ఉందో లేదో ఆయన చూసి చెబుతారు. లేకపోతే ఉన్న చోటు చెప్పమనండి. విశాఖ కేజీహెచ్, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు, తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగాలున్నాయి. ఆసుపత్రిలో చేరినప్పటి ప్యాకేజీ వేరు, ఇంటికి వచ్చాక నెలనెలా వాడే మందులు వేరు. రెండో దాని ఖర్చు గురించి డిశ్చార్జికి ముందే డాక్టరుతో మాట్లాడుకోండి.

పింఛను దగ్గర చాలామంది తడబడుతున్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు నేరుగా ఉంది. న్యూరోపతీ పేరు లేదు. అలాగని న్యూరోపతీ ఉన్నవారికి దారి లేదని కాదు. నడక, చేతిపని దెబ్బతింటే కదలికల వైకల్యం కింద పరీక్షిస్తారు. అంటే అక్కడ చూసేది జబ్బు పేరు కాదు, అవయవం ఎంత పని చేస్తోందన్నది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో వీల్‌చైర్‌కో మంచానికో పరిమితమైన కేటగిరీకి 15,000. కుష్టు వల్ల పలు అవయవాలు వైకల్యం చెందినవారికి 6,000.

ఎంఎస్ ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. శిబిరం రోజున మీరు బాగానే నడవవచ్చు, జబ్బు స్వభావమే అంత. కాబట్టి దాడి వచ్చిన ప్రతిసారీ ఇచ్చిన కాగితం దాచండి. డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్ఐ రిపోర్టు, ఫిల్ములు, కంటి డాక్టరు చీటీ, అన్నీ తేదీల వరసలో ఒక సంచిలో పెట్టుకోండి. తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే దాని మీద గడువు ఉంటుంది. గడువు ముగియక ముందే మళ్లీ స్లాటు కోసం సచివాలయంలో అడగండి. శాతం తక్కువ వేశారనిపిస్తే అదే చట్టం 59వ సెక్షన్ ప్రకారం అప్పీలు చేసుకోవచ్చు. అడిగితే ఉన్నది పోతుందన్న పుకార్లు నమ్మవద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక తెల్ల కాగితం మీద ఇవి రాసుకోండి. ఎప్పుడు మొదలైంది? రోజుల్లో ముదిరిందా, నెలల్లోనా? ఒకవైపా, రెండువైపులా? మధ్యలో పూర్తిగా తగ్గి మళ్లీ వచ్చిందా? ఇదివరకు ఎప్పుడైనా కన్ను మసకబారిందా, మూత్రం ఇబ్బంది వచ్చిందా? ఇప్పటిదాకా వేయించుకున్న సూదులు, మాత్రల పేర్లు ఏమిటి? పేర్లు తెలియకపోతే ఖాళీ సీసాలు, రేకులు పట్టుకెళ్లండి. చదువు రానివారికి ఆశా కార్యకర్త గానీ ఏఎన్ఎం గానీ రాసిపెడతారు. వైద్య సేవ పథకం గురించి సందేహాలుంటే 104కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.